చిన్న ట్రైలర్ పక్కన పందిరి: 250 డాలర్ల లోపు ఏది కొంటే మంచిది?

అమెరికాలో క్యాంపింగ్‌కి 13 నుంచి 17 అడుగుల ట్రైలర్ లాక్కెళ్లే కుటుంబాలకు పడుకునే చోటుతో ఇబ్బంది లేదు. కూర్చునే చోటుతోనే ఇబ్బంది. మధ్యాహ్నం మూడింటికి వాన మొదలైతే నలుగురూ మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చోవాల్సిందే. టియర్‌డ్రాప్ (కన్నీటి చుక్క ఆకారపు చిన్న) ట్రైలర్ అయితే వంటగది వెనక తలుపు కింద ఉంటుంది కాబట్టి వాన పడితే వంట కూడా ఆగుతుంది. కంపెనీ బిగించే రోల్-అవుట్ ఆనింగ్ (గోడకి చుట్టి ఉండి బయటికి లాగే పందిరి) ఖరీదైనది. పైగా చాలా చిన్న ట్రైలర్ల గోడల్లో దాని బోల్టులను మోసే చట్రం ఉండదు. అందుకని విడిగా వేసుకునే పందిళ్లే దారి. వాటిలో నాలుగు రకాలు చవక: మడతపెట్టే క్యానోపీ, గుంజల మీద కట్టే టార్ప్ (టార్పాలిన్ పట్టా), కారు పైకప్పుకి బిగించే సైడ్ ఆనింగ్, దోమతెరల స్క్రీన్ టెంట్.

ముందే చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. ఈ నాలుగింటిలో ఏది కొన్నా అది పాడయ్యేది సాధారణంగా గుడ్డ చిరిగి కాదు, సరిగ్గా కట్టక. పెట్టెలో వచ్చే నాలుగు సన్నటి మేకులు పెరటి పచ్చికకు సరిపోతాయి, క్యాంప్‌గ్రౌండ్ కంకరలో వంగిపోతాయి. కాబట్టి 150 డాలర్లు పక్కన పెట్టుకుంటే 100 పందిరికి, 50 మేకులకు, తాళ్లకు, బరువులకు. 150 పెట్టి పందిరి కొని దాన్ని పెట్టెలోని మేకులతో నిలబెట్టేవారికన్నా, 90 డాలర్ల క్యానోపీని గట్టిగా కట్టినవారిది ఎక్కువ కాలం ఉంటుంది.

కొనేముందు టేపు తీసుకుని ట్రైలర్ దగ్గర మూడు కొలతలు రాసుకోండి. తలుపు పూర్తిగా తెరిస్తే ఎంత దూరం బయటికి వస్తుంది, తలుపు పై అంచు నేల నుంచి ఎంత ఎత్తు, టియర్‌డ్రాప్ అయితే వెనక తలుపు పైకి లేచినప్పుడు దాని కొస ఎంత ఎత్తుకు చేరుతుంది. ఈ మూడోది కొలవకుండా కొన్నవారికి క్యానోపీ చూరుకి ఆ తలుపు తగులుతుంది. అక్కడ తలుపు సగమే తెరుచుకుంటుంది, లేదా క్యానోపీని అడుగు దూరం జరపాల్సి వస్తుంది. ఆ అడుగులోంచే వాన సరిగ్గా పొయ్యి మీద పడుతుంది.

మడతపెట్టే క్యానోపీ

10×10 అడుగుల క్యానోపీ 60 డాలర్ల నుంచి 150 వరకు దొరుకుతుంది. అట్టపెట్టె మీద అన్నిటికీ 10×10 అనే ఉంటుంది, కాని కాళ్లు ఏటవాలుగా ఉన్న రకంలో ఆ కొలత నేల దగ్గరిది. పైన గుడ్డ 8×8 మాత్రమే. అంటే 100 చదరపు అడుగుల నీడ అనుకుని 64 కొంటున్నారు. ఎండ కాస్త వాలితే ఆ 64లో సగం పందిరి బయట పడుతుంది. ట్రైలర్ పక్కన పెట్టడానికి నిటారు కాళ్ల రకమే తీసుకోండి. ఏటవాలు కాళ్లు పక్కకి చాచుకుని ఉంటాయి కాబట్టి చూరుని ట్రైలర్ గోడకి దగ్గరగా తీసుకురావడం కుదరదు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు రాత్రి బాత్రూమ్‌కి వెళ్లొస్తూ కాళ్లకి తట్టుకుని పడే ప్రమాదం కూడా వాటితోనే.

దుకాణంలో చూడాల్సింది గుడ్డ రంగు కాదు, కీళ్లు. కాలు, అడ్డ కమ్మీలు కలిసే చోట ప్లాస్టిక్ బ్రాకెట్ ఉంటుంది. విరిగేది అదే. ఆ బ్రాకెట్లు, కమ్మీలు విడిగా అమ్మే కంపెనీదైతే 15 డాలర్లతో బాగుచేసుకోవచ్చు, లేకపోతే మొత్తం చెత్తబుట్టకే. నడినెత్తిన గాలి పోయే సందు ఉన్న కప్పు మంచిది. గుడ్డ లోపలి వైపు వెండి పూత ఉంటే ఎండలో తేడా స్పష్టంగా తెలుస్తుంది. నిప్పు త్వరగా అంటుకోని గుడ్డ కావాలంటే సీపీఏఐ-84 అనే ముద్ర ఉందో లేదో చూడండి. ఆ ముద్ర ఉంటే కాలదని కాదు, నెమ్మదిగా కాలుతుందని.

క్యానోపీకి గాలి ఒక శత్రువు, నిలిచిన నీరు ఇంకో శత్రువు. రెండోదాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. చదరపు అడుగు మీద అంగుళం లోతు నీరు 5.2 పౌండ్లు. కప్పు అంచు దగ్గర మూడడుగుల వెడల్పు, మూడడుగుల పొడవున గుడ్డ సాగి, సగటున నాలుగంగుళాల నీరు నిలిచిందంటే 187 పౌండ్లు. కమ్మీలు వంగేది అందుకే, గాలి లేని రాత్రి కూడా. నీరు నిలవకుండా ఉండాలంటే గుడ్డ మూలల పట్టీలు బిగుతుగా లాగి, ట్రైలర్‌కి అవతలి వైపున్న రెండు కాళ్లను ఎత్తు మార్చే కన్నాల్లో ఒక్కో కన్నం కిందికి దించండి. నీరంతా ఒకే వైపు జారుతుంది. అప్పటికీ చూరు మధ్యలో గుడ్డ కుంగుతుంటే అక్కడ కమ్మీకి, గుడ్డకి మధ్య ఈత నేర్చుకునేవాళ్లు వాడే నురుగు గొట్టం ఒకటి పెడితే గుడ్డ పైకి లేస్తుంది. రెండు మూడు డాలర్లు. రాత్రి పెద్ద వాన సూచన ఉంటే మాత్రం పడుకునేముందే కాళ్లు పూర్తిగా దించేయండి, లేదా మడిచేయండి.

ట్రైలర్‌కి, క్యానోపీకి మధ్య సందు తప్పదు. దాన్ని మూయడానికి రెండడుగుల వెడల్పు టార్ప్ ముక్క చాలు. ఒక అంచు ట్రైలర్ తలుపు పైనుండే రెయిల్‌కి, ఇంకో అంచు క్యానోపీ కమ్మీకి, ప్లాస్టిక్ బంతి ఉండే సాగే తాడు ముక్కలతో. గట్టి తాడు వాడొద్దు. లోపల ఎవరైనా నడిస్తే ట్రైలర్ స్ప్రింగుల మీద ఊగుతుంది. ఆ ఊపుకి రెయిల్ స్క్రూలు వదులవుతాయి, లేకపోతే టార్ప్ కన్నం చిరుగుతుంది.

టార్ప్, రెండు గుంజలు

మేకులు, తాళ్లు అన్నీ కలిపి చూస్తే ఇంతకంటే చవకది లేదు. ఇంత అలవాటు కోరేది కూడా ఇంకోటి లేదు. 10×12 అడుగుల మందపాటి టార్ప్ 30-40 డాలర్లు, ఎత్తు మార్చుకోగల 8 అడుగుల గుంజలు రెండు 50 లోపు, తాడు 10, మేకులు 12. మొత్తం 110 దగ్గర ఆగుతుంది. పలచటి నీలం టార్ప్ ఇంకా చవక, కాని గాలికి రాత్రంతా టపటపలాడుతుంది, ఎండకి ఒకటి రెండు సీజన్లలో పొట్టు రాలుతుంది. తాడు పాలిస్టర్‌ది కొనండి. నైలాన్ తాడు, అంటే చాలామంది వాడే పారాకార్డ్ కూడా, తడిస్తే సాగుతుంది. సాయంత్రం బిగించిన పందిరి వానలో జోలెలా వేలాడేది అందుకే.

ట్రైలర్ వైపు అంచు ఎక్కడ కట్టాలన్నది అసలు ప్రశ్న. చాలా ట్రైలర్లకు తలుపు పైన సన్నటి అల్యూమినియం రెయిల్ ఉంటుంది, గాడి ఉన్నది. టార్ప్ అంచు మడిచి అందులో సన్న తాడు పెట్టి కుట్టిస్తే ఆ గాడిలోకి జారుతుంది. కెడర్ అనే పేరుతో కుట్టడానికి సిద్ధంగా ఉన్న పట్టీ కూడా దొరుకుతుంది. గాడి నోరు, లోపలి వ్యాసం కొలిచాకే కొనండి: మిల్లీమీటరు లావైతే సగంలో బిగుసుకుంటుంది, సన్నదైతే గాలికి ఊడొస్తుంది. జారేటప్పుడు పట్టేస్తుంటే గాడిలో సిలికాన్ స్ప్రే కొట్టండి, నూనె వద్దు, దుమ్ము పట్టి మరుసటి ఏటికి ఇంకా మొరాయిస్తుంది.

రెయిల్ లేని ఫైబర్‌గ్లాస్ ట్రైలర్‌కి అయస్కాంతాలు అంటవు. అల్యూమినియానికీ అంతే. వాక్యూమ్ కప్పులు (నొక్కితే అతుక్కునే రబ్బరు గిన్నెల్లాంటివి) అంటుకుంటాయి గాని నీడకే నమ్మండి. చల్లటి రాత్రి పొద్దుపోయాక పట్టు వదులుతాయి. వానకి నిలబడాలంటే తాడుని పైకప్పు మీదుగా అవతలికి వేసి ఫ్రేమ్‌కి కట్టాలి. తాడు రాసుకునే చోట పాత తువ్వాలు ముక్క పెట్టండి, లేకపోతే మెరుపు పూత మీద గీతలు పడతాయి. పైకప్పు వెంట్ మూత మీదుగా తాడు వెళ్లకూడదు.

నిలబెట్టే వరుస ఇది. ముందు ట్రైలర్ అంచు పూర్తిగా బిగించండి. బయటి మూలల కన్నాల్లో గుంజల కొసలు దూర్చి, ఒకరు గుంజ పట్టుకుంటే ఇంకొకరు ప్రతి గుంజకీ రెండు తాళ్లు లాగాలి, ఆ రెండింటి మధ్య దాదాపు లంబకోణం ఉండేలా. గుంజ 7 అడుగుల ఎత్తైతే మేకు 7 అడుగుల దూరంలో. దగ్గరగా కొడితే తాడు మేకుని పైకి పీకుతుంది. చివరగా ఒక గుంజని మాత్రం అడుగు దించండి. ఆ మూల నుంచి నీరు ధారగా దిగుతుంది, కింద బకెట్ పెడితే గిన్నెలు కడుక్కోవడానికి పనికొస్తుంది. రెండు గుంజలూ ఒకే ఎత్తులో ఉంచితే నడుమ చెరువు తయారవుతుంది.

టియర్‌డ్రాప్‌కి ఈ పద్ధతి తిరగబడుతుంది. దాని ఎత్తు ఐదడుగుల చిల్లరే కాబట్టి నిలబడేంత ఎత్తులో గుంజలు పెడితే వాలు ట్రైలర్ వైపే ఉంటుంది, నీరు తలుపు మీదికే వస్తుంది. అలాంటప్పుడు టార్ప్‌ని ట్రైలర్ మీదుగా అవతలి పక్కకి దించి కట్టండి. వెనక వంటగదికి మాత్రం ఈ గొడవంతా వద్దు, నిటారు కాళ్ల క్యానోపీయే సరైనది. ట్రైలర్ తోక దాని కింద దూరిపోతుంది.

కారుకి బిగించే సైడ్ ఆనింగ్

120 నుంచి 250 డాలర్లలో 6.5 అడుగుల వెడల్పు, 8 అడుగుల చాపు ఉండే రకాలు దొరుకుతాయి. ట్రైలర్ కప్పు మీద రాక్ ఉంటే రెండు నిమిషాల్లో తెరుచుకునే మంచి వస్తువు. రాక్ లేక దాన్ని కారుకి బిగిస్తే, పాల పాకెట్‌కి వెళ్లాలన్నా పందిరి మడవాలి. ఒక్కో రాత్రి ఒక్కో ఊళ్లో ఆగేవారికి ఇది, మూడు రాత్రులు ఒకేచోట ఉండేవారికి కాదు.

స్క్రీన్ టెంట్

దీన్ని కొనాల్సింది దోమల కోసం, వేరే కారణమేదైనా ఉంటే క్యానోపీయే నయం. మినసోటా, మిషిగన్ చెరువుల పక్కన జూన్‌లో, మెయిన్ రాష్ట్రంలో నల్ల ఈగల కాలం మే-జూన్‌లో, ఫ్లోరిడా తీరంలో సాయంత్రాలు ఇది లేకుండా బయట కూర్చోలేరు. ఫ్లోరిడా తీరంలో ఉండేవి నుసుములు, నో-సీ-యమ్ అంటారు. మామూలు దోమతెర సందుల్లోంచి దూరతాయి. అక్కడికైతే ఆ పేరుతోనే అమ్మే సన్న అల్లిక తెర ఉన్నదే తీసుకోండి. సన్న తెరలో గాలి తక్కువ ఆడుతుందని కూడా గుర్తుంచుకోండి.

గొడుగులా లాగితే విచ్చుకునే హబ్ రకం ఒకరే నిలబెట్టవచ్చు. మామూలు కమ్మీల రకం చవక, కాని ఇద్దరు కావాలి. చాలావాటికి నేల ఉండదు. కింది అంచు పావడాలాగా నేల మీద పరుచుకునే రకమైతే, దాని మీద రాళ్లో, నీళ్ల సీసాలో పెట్టకపోతే దోమలు కింద నుంచే వస్తాయి. జిప్ ఒక్కటే ఉన్న టెంట్ పిల్లలున్న ఇంటికి పనికిరాదు. రెండు తలుపులుండాలి, ఒకటి ట్రైలర్ తలుపుకి ఎదురుగా.

ఇందులో పొయ్యి పెట్టొద్దు. ప్రొపేన్ పొయ్యి, బొగ్గుల గ్రిల్ రెండూ కార్బన్ మోనాక్సైడ్ వదులుతాయి. వాన పట్టాలు నాలుగు వైపులా దించితే అది మూసిన గదే. తెర గుడ్డకి వేడి నూనె చుక్క పడితే కన్నం పడుతుంది, పోపు పెడితే చిటపటలు ఎక్కడికి ఎగురుతాయో మీకు తెలిసిందే. వంట క్యానోపీ కింద, అదీ కప్పు బాగా పైకెత్తి, గాలి పోయే అంచు దగ్గర చేసుకోండి. ఎలుగుబంట్లు తిరిగే చోట, యోసెమిటీ అయినా గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ అయినా, స్క్రీన్ టెంట్‌లో అన్నం గిన్నె, పచ్చడి జాడీ, చివరికి కాఫీ పొడి కూడా వదిలి పడుకోకూడదు. గుడ్డ గోడని ఎలుగుబంటి గోడగా లెక్కచెయ్యదు. ఎక్కడ పెట్టాలన్నది పార్కు నియమాన్ని బట్టి: యోసెమిటీలో రాత్రి కారులో ఉంచనివ్వరు, లాకర్‌లోనే పెట్టాలి; గ్రేట్ స్మోకీలో కారులో పెట్టవచ్చు.

ట్రైలర్ పక్కకి అతుక్కునే ప్రత్యేక టెంట్లూ ఉన్నాయి. చక్కగా సరిపోతాయి గాని మన బడ్జెట్ దాటిపోతాయి, ట్రైలర్ మారిస్తే పనికిరావు.

నేల, గాలి, బరువు

గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగింతలవుతుంది. నిటారుగా తగిలే గాలి గంటకు 20 మైళ్లైతే చదరపు అడుగుకి దాదాపు ఒక పౌండు, 30 అయితే 2.3, 40 అయితే 4.1. క్యానోపీకి ఒక వైపు గోడ గుడ్డ వేలాడదీశారంటే 60 చదరపు అడుగుల తెరచాప కట్టినట్టే. 30 మైళ్ల గాలి దాన్ని 138 పౌండ్లతో తోస్తుంది. అందుకే జల్లు కొడుతోందని గోడ దించిన తర్వాతే ఎక్కువ క్యానోపీలు ఎగిరిపోతాయి. 25 మైళ్లు దాటుతుందని తెలిస్తే గోడలు తీసేయండి, ఇంకా పెరిగితే పందిరే మడిచేయండి. ఉరుములు దగ్గరపడితే ఇనుప కాళ్ల కింద కూర్చోవద్దు, కారులోకి వెళ్లండి.

మేకులు కొట్టగలిగిన నేల అయితే పెట్టెలోవి పక్కన పడేసి హార్డ్‌వేర్ దుకాణంలో 12 అంగుళాల పొడవు, 3/8 అంగుళం లావు ఇనుప మేకులు ఎనిమిది కొనండి. ఒక్కోదానికీ పెద్ద వాషర్ తొడగండి, లేకపోతే తాడు మేకు తలమీదుగా జారిపోతుంది. తల పందిరికి దూరంగా, అవతలి వైపు వాలేలా కొట్టండి, తాడు నేలకి ఆనుకుని ఉండాలి. పందిరి పాదం దగ్గర కట్టిన తాడు పాదాన్నే పట్టుకుంటుంది, గాలి పైన తోస్తుంది కాబట్టి కాలు నడుమ వంగుతుంది. తాడు ఎప్పుడూ పై మూల నుంచి దిగాలి.

టెక్సస్ హిల్ కంట్రీలో నాలుగంగుళాల మట్టి కింద సున్నపురాయి ఉంటుంది, ఆ మేకులు కూడా దిగవు. ట్రైలర్ నిలపడానికి వేసిన తారు, కాంక్రీటు ప్యాడ్‌ల మీద సరేసరి. ఇక్కడ 5 గ్యాలన్ల బకెట్లు నాలుగు. గ్యాలన్ నీళ్లు 8.34 పౌండ్లు, అంటే నిండు బకెట్ దాదాపు 42. ఒకదానిలో ఒకటి పెట్టి ఖాళీగా తీసుకెళ్లి కుళాయి దగ్గర నింపుకోండి. ఇసుక సంచులు మోసే బాధ లేదు. బకెట్‌ని కాలికి వేలాడదీయకండి, ఊగుతుంది. నేల మీదే ఉంచి పై మూల నుంచి రాట్చెట్ పట్టీతో (పిడి ఆడిస్తే బిగిసే పట్టీ) బిగించండి. మూతలు తప్పనిసరి: నడక నేర్చిన పిల్లలు నీళ్ల బకెట్‌లోకి తలకిందులుగా పడితే లేవలేరు. బకెట్లు పైకి లేవకుండా ఆపుతాయి గాని నునుపు కాంక్రీటు మీద పక్కకి జారతాయి, కాబట్టి వీటిని నమ్మి గోడ గుడ్డ కట్టొద్దు.

ప్యాడ్రే ఐలండ్, గాల్వెస్టన్ లాంటి ఇసుక తీరాల్లో మేకు ఎంత పొడవైనా జారి వస్తుంది. సంచిలో ఇసుక నింపి, మెడకి తాడు కట్టి, రెండడుగుల లోతున పాతేయండి. అంతా పూడ్చి తొక్కాక తాడు లాగి బిగించండి.

చెట్లకి తాడు కట్టడం చాలా క్యాంప్‌గ్రౌండ్లలో నిషిద్ధం, చెట్టుకి మేకు కొట్టడం అన్నిచోట్లా తప్పు. టెంట్లు, పందిళ్లు ప్యాడ్ దాటి పచ్చిక మీదికి రాకూడదనే చోట్లూ ఉన్నాయి. సైట్ బుక్ చేసేటప్పుడే ప్యాడ్ కొలత చూసుకోండి. 10 అడుగుల వెడల్పు ప్యాడ్ మీద ట్రైలర్ పెట్టాక 10×10 క్యానోపీకి చోటు మిగలదు, టార్ప్ ఒక్కటే కుదురుతుంది.

ట్రైలర్‌లో ఎక్కడ పెడతారన్నదీ చిన్న విషయం కాదు. హిచ్ (ట్రైలర్‌ని కారుకి తగిలించే చోటు) మీద ట్రైలర్ బరువులో 10-15 శాతం పడాలి, 1500 పౌండ్ల ట్రైలర్‌కి 150 నుంచి 225. ఇరుసు నుంచి హిచ్ 9 అడుగులు, వెనక బంపర్ 5 అడుగులు అనుకుంటే, 45 పౌండ్ల క్యానోపీని బంపర్ మీద కడితే హిచ్ మీద 25 పౌండ్లు తగ్గుతాయి. అసలే అంచున ఉన్న ట్రైలర్ హైవే మీద తోక ఊపడానికి అది చాలు. క్యానోపీని ఇరుసు పైన, లోపల నేల మీద పడుకోబెట్టండి, లేదా కారు డిక్కీలో వేయండి. నిటారు కాళ్ల రకం మడిచినా ఐదడుగుల దాకా ఉంటుంది కాబట్టి డిక్కీ కూడా కొలవాలి.

మరి ఎవరికి ఏది?

పిల్లలు, పెద్దవాళ్లతో వారాంతం రెండు రాత్రులు, ఎక్కువగా స్టేట్ పార్కుల్లో: నిటారు కాళ్ల 10×10 క్యానోపీ, నాలుగు బకెట్లు, పట్టీలు, మేకులు. 170 డాలర్ల దగ్గర తేలుతుంది. ఇద్దరే వెళ్తూ, వాన తరచుగా పడే వాషింగ్టన్, ఒరెగాన్ అడవుల్లో తిరిగేవారు టార్ప్ నేర్చుకోండి. గాలి తక్కువ, వాన ఎక్కువ ఉండే చోట దానికి సాటి లేదు, బరువు 20 పౌండ్లు దాటదు. బిగ్ బెండ్, డెత్ వ్యాలీ లాంటి ఎడారుల్లో వసంతకాలపు ఈదురుగాలికి ఎత్తైన పందిరి ఏదీ నిలవదు. తక్కువ ఎత్తులో కట్టిన టార్ప్ నీడ చాలు, ట్రైలర్‌ని గాలికి అడ్డంగా నిలిపి దాని చాటున కూర్చోండి. దోమల రాష్ట్రాల్లో ఉండేవారు ముందే స్క్రీన్ టెంట్ కొనకుండా, నిటారు కాళ్ల క్యానోపీకి తగిలించే తెర గోడలు 40-60 డాలర్లకి దొరుకుతాయేమో చూడండి. కొలత, కంపెనీ సరిపోతే ఒకే చట్రంతో రెండు పనులు అవుతాయి. నుసుములున్న చోటికి మాత్రం ఆ గోడలు చాలవు, మూలల్లో సందులుంటాయి.

ఆదివారం వానలో మడిచి తెచ్చిన పందిరిని సంచిలోంచి అదే రాత్రి తీయండి. గరాజ్‌లో సగం తెరిచి, గుడ్డ చట్రం మీద బిగుతుగా లేకుండా వదిలి, ఫ్యాన్ పెడితే తెల్లారేసరికి ఆరుతుంది. రెండు మూడు రోజులు తడి సంచిలో ఉంటే నల్ల మచ్చలు పడతాయి. వాటిని తోమి పోగొట్టాలని బ్లీచ్, డిటర్జెంట్ వాడితే నీరు ఆపే పూత కూడా పోతుంది. గోరువెచ్చని నీళ్లు, మెత్తటి బ్రష్, తేలికపాటి సబ్బు చాలు. ఆరాక కుట్ల వెంబడి 8 డాలర్ల సీమ్ సీలర్ ఒక చేయి పూయండి.